మూతబడ్డ మిల్లు షెడ్డు: గోడౌనా, కళ్యాణ మండపమా, కూల్చి ప్లాట్లా?

అనంతపురంలో మా మేనమామ నూనె మిల్లు గేటు తాళం తీయగానే ముందు బయటికొచ్చింది వాసన. మిషన్లు ఆగి పదిహేనేళ్లు దాటినా ముక్కిపోయిన చెనక్కాయ నూనె వాసన ఆ గోడల్ని వదల్లేదు. నలభై అడుగుల వెడల్పు, నూటిరవై అడుగుల పొడవు రేకుల షెడ్డు. ముందర కాయలు ఆరబోసే సిమెంటు కళ్లం, గేటు పక్కన కాటా గది, వెనక మూలన పొట్టు గది, దాని మీదికి వాలిన వేపచెట్టు.

"ఏమల్లుడూ, పెద్దోడు కళ్యాణ మండపం కట్టిద్దామంటాడు, చిన్నోడు పడగొట్టి ప్లాట్లేద్దామంటాడు. మీ అత్తేమో గోడౌన్‌కి ఇచ్చేసి గమ్మునుండమంటాంది. నువ్వు ఇంజనీరువి గదా, ఏదో ఒకటి చెప్పు," అన్నాడు మామ.

ఆ ఏదో ఒకటి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఈలోగా తెలిసినవాళ్లు పిలిస్తే ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు, ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లు, తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే షెడ్డు కూడా చూసొచ్చాను. అన్నిచోట్లా అడిగేది ఒకటే: "ఏం చేస్తే ఎక్కువ అద్దె వస్తుంది?" అక్కడ మొదలుపెడితే తప్పుదారి పట్టినట్టే. పైకప్పునూ నేలనూ గేటునూ తక్కువగా కదిలించే వాడకమేదో ముందు చూసుకోవాలి. డబ్బంతా ఆ మూడింటి దగ్గరే కరిగిపోతుంది. గోడలకు రంగులు, లైట్లు, బోర్డు లాంటివి ఎంత పెట్టినా దాని ముందు చిల్లర ఖర్చే.

మిల్లు ఎందుకు మూతబడిందో గుర్తు చేసుకోండి

అనంతపురంలో వాన సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ కొద్దిపాటి వానను నమ్ముకునే లక్షల ఎకరాల్లో చెనక్కాయ వేశారు. సీజన్‌లో కాయల ట్రాక్టర్లు మా మిల్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా నిలబడేవని మామ ఇప్పటికీ చెప్పుకుంటాడు. వరస కరువులకు కాయ తగ్గింది. 1994లో పామాయిల్ దిగుమతిని సులువు చేశాక చవక నూనె వచ్చి, మిగిలిన కాస్త లాభాన్నీ తినేసింది. ఇందులో షెడ్డు చేసిన తప్పేమీ లేదు. సరుకు లేక మూతబడిన మిల్లుకు చోటు బలం అలాగే ఉంటుంది: లారీ తిరిగే రోడ్డు, దగ్గర్లో రైలు, పక్కనే మార్కెట్ యార్డు.

ఊరు పెరిగి చుట్టూ ఇళ్లొచ్చి, దుమ్మూ చప్పుడూ అని ఫిర్యాదులొచ్చి మూతబడ్డ మిల్లు కథ వేరు. అక్కడ పొద్దున తొమ్మిది దాటితే లారీ సందులోకి రాదు. గోడౌన్ ఆశ వదులుకుని, మనుషులు నడిచీ బైకుల మీదా వచ్చే పనులే చూడాలి. బాకీలతో మూతబడ్డదైతే ముందు వకీలు దగ్గరికి వెళ్లి, ఆ తర్వాత ఇంజనీరు దగ్గరికి రండి.

చెంబుడు నీళ్లు, టార్చిలైటు, సుత్తి

షెడ్డు చూడ్డానికి నేను పట్టుకెళ్లేవి ఈ మూడే. వెళ్లేది మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, మంచి వాన పడుతుండగా ఇంకోసారి. చల్లటి సాయంత్రం చూస్తే ఏ షెడ్డయినా బాగానే కనబడుతుంది.

ముందు నేల. నూనె పిండే ఎక్స్‌పెల్లర్ మిషను ఉన్నచోట గచ్చు నల్లగా నిగనిగలాడుతుంటుంది. దాని మీద నీళ్లు పోయండి. ఇంకకుండా తామరాకు మీది బొట్లలా ఉండలు కట్టి జారాయంటే, ఆ గచ్చు ఏళ్ల తరబడి నూనె తాగిందని అర్థం. దాని మీద కొత్త సిమెంటు పట్టదు, టైల్స్ అంతకన్నా పట్టవు. మా బంధువుల్లో ఒకాయన ఇలాంటి నేల మీద నేరుగా టైల్స్ వేయించి హాలు తెరిచాడు. మొదటి ఎండాకాలం దాటేసరికి స్టేజీ ముందు వరసలు టపటపా లేచాయి. మడమతో తట్టి చూస్తే ఖాళీ డబ్బా చప్పుడు. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లతో కడిగితే పైపై జిడ్డు పోతుంది (చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ఆ పని చేయించకండి). లోపలికి ఇంకిన నూనెకు మాత్రం ఒకటే మందు. రెండు మూడు అంగుళాలు చెక్కించి, ప్లాస్టిక్ షీటు పరిచి, కొత్త కాంక్రీటు వేయడం. నాలుగు వేల ఎనిమిది వందల చదరపు అడుగుల నేల మొత్తం ఇలా చేయాలంటే ఎస్టిమేటు చూసి కూర్చుండిపోతారు. అందుకే నూనె తాగిన భాగం ఎంతో సుద్దముక్కతో గీసుకోండి. మామ షెడ్డులో అది మూడో వంతు కూడా లేదు.

తర్వాత కప్పు. రెండు షెడ్లు కలిసేచోట మధ్యలో గట్టర్ ఉంటుంది కదా, దాని కిందే ట్రస్సు (కప్పును మోసే ఇనుప చట్రం) పాదం కుళ్లుతుంది. నిచ్చెన వేసుకుని సుత్తితో తట్టండి. ఖణేల్మంటే సరే, తుప్పు పొరలు పొరలుగా రాలితే ఆ ట్రస్సును వెల్డింగు చేయించాలి లేదా మార్చాలి. సిమెంటు రేకులైతే మరో సంగతి ఉంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రేకు కదలకుండా ఉన్నంతవరకు పెద్ద ప్రమాదం లేదు. కోసినా, డ్రిల్లు పెట్టినా, పగలగొట్టినా కంటికి కనబడని పోగులు గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లో చేరతాయి. జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నాటికే దీన్ని పూర్తిగా నిషేధించాయి. మన దగ్గర కూలీలు గుడ్డ కట్టుకుని సుత్తులతో పగలగొడతారు. అలా చేయించకండి. రేకును తడిపి, హుక్కు బోల్టులు విప్పి, ముక్క కాకుండా దించాలి. అది కుదరదంటే ఉన్నదాన్ని అలాగే ఉంచి వాడుకునే పని చూసుకోవాలి.

రేకుల కింద మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు నిలబడితే ఏ సలహాదారూ అక్కర్లేదు. సరుకు ఆ వేడిని ఓర్చుకుంటుంది, మనిషి ఓర్చుకోడు. కప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు కొంత సాయపడుతుంది కానీ, జనం గంటల తరబడి కూర్చునే వాడకానికి అదొక్కటే చాలదు. సోలార్ ప్యానెళ్లు పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. స్టాండుతో కలిపి చదరపు మీటరుకు దాదాపు 15 కిలోల బరువు, దానికి తోడు గాలి ఎత్తేసే బలం ఉంటుంది. ఆ లెక్క వేయకుండా నలభై ఏళ్ల ట్రస్సు మీదికి ఎక్కించొద్దు.

గోడల విషయంలో నేనే తప్పు చేశాను కాబట్టి ఒప్పుకుంటున్నా. ఆదోని మిల్లు గోడలు అడుగున్నర మందం, రాయీ గానుగ సున్నమూ. పెచ్చులు ఊడుతున్నాయని సిమెంటు గార పూయించాను. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతూ ఉంటుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. రెండు వానాకాలాలకే తెల్లటి చౌడు పూసి, పూత పలకలు పలకలుగా ఊడిపడింది. మళ్లీ సున్నపు గారే వేయించాల్సి వచ్చింది. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకడానికే నెల పట్టింది.

ఇక గుంతలు. కాయ వలిచే డెకార్టికేటర్ మిషను కింద ఎలివేటర్ గుంత, వెనకవైపు భూమిలో నూనె ట్యాంకు ఉంటాయి. ఏళ్లుగా మూసి ఉన్న ట్యాంకులోకి మనిషిని దింపకండి. కుళ్లిన నూనె మడ్డి లోపలి గాల్లో ప్రాణవాయువును తినేస్తుంది. దిగినవాడు పడిపోతాడు, కాపాడబోయి రెండోవాడూ పడిపోతాడు. మూత తీసి, బ్లోయర్‌తో గాలి కొట్టి, గ్యాస్ మీటరుతో చూసి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దర్ని నిలబెట్టాకే ఎవరైనా దిగాలి. మీది చెక్కలో మిగిలిన నూనెను రసాయనంతో లాగే సాల్వెంట్ ప్లాంటైతే ఇది నాలాంటి సివిల్ ఇంజనీరు తేల్చే పని కాదు. అక్కడ వాడిన హెక్సేన్ నిప్పురవ్వకే అంటుకుంటుంది. పైపుల మీద గ్యాస్ కట్టర్ పెట్టకముందే ఆ పని తెలిసిన కంపెనీని పిలవాలి.

కాగితాలు, త్వరగా

ఈసీ (ఆస్తి మీది తాకట్లూ లావాదేవీలూ చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, అన్నదమ్ముల భాగాలు మీకు తెలిసినవే. తెలియకుండా దెబ్బ కొట్టేవి రెండున్నాయి. పాత కరెంటు బాకీ ఒకటి. ఆ ఆవరణకు కొత్త కనెక్షన్ అడిగితే, నిబంధనల ప్రకారం పాత యజమాని బాకీ కూడా కట్టించుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత మిల్లు కొనేముందు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకోండి. కార్మికుల పీఎఫ్ బకాయి ఇంకొకటి. చట్టం ప్రకారం అది ఆస్తి మీద మొదటి హక్కు, బ్యాంకు అప్పుకన్నా ముందు.

మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం ఏ జోన్‌లో ఉందో కూడా ముందే చూసుకోవాలి. ఇండస్ట్రియల్ జోన్‌లో ఉన్నదాన్ని కమర్షియల్‌కో నివాసానికో మార్చాలంటే పట్టణాభివృద్ధి సంస్థ ద్వారా ఫైలు కదలాలి. అనంతపురానికి అహుడా, కర్నూలుకు కుడా ఉన్నాయి. గోడౌన్, కుట్టు యూనిట్ లాంటి వాడకాలకు ఈ తలనొప్పి తక్కువ. మండపానికి, హాస్టల్‌కు ఎక్కువ. అడ్వాన్సులు తీసుకున్నాక ఈ సంగతి తెలిస్తే నిద్ర పట్టదు.

గోడౌన్: మా అత్త మాట

షెడ్డుకు పుట్టుకతో తెలిసిన పని ఇదే. నేల బరువుకు అలవాటుపడింది, గేటు లారీకి సరిపోతుంది, పాత మిల్లుల్లో లారీ ఎత్తుకు కట్టిన ప్లాట్‌ఫారం కూడా ఉంటుంది. సబ్బులు, బిస్కెట్లు పంచే డిస్ట్రిబ్యూటర్లు, విత్తనాల డీలర్లు, ఆన్‌లైన్ సరుకు దించుకుని ఊళ్లోకి పంపే కొరియర్ కంపెనీలు అడుగుతారు. అద్దె తక్కువే, కానీ ప్రతి నెలా వస్తుంది. మీరు ఊళ్లో లేకపోయినా వస్తుంది.

ఎరువుల డీలరు ఎక్కువ ఇస్తానంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. ఎరువుల ఉప్పు తేమతో కలిసి ఇనుప ట్రస్సునూ కాంక్రీటునూ కొరుకుతుంది. ఐదేళ్ల తర్వాత ఆయన వెళ్లిపోతాడు, తుప్పు మీకు మిగులుతుంది. పురుగుమందులూ తిండి సరుకూ ఒకే కప్పు కింద పెట్టనివ్వకండి. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. నూనె మిల్లులో తరాలుగా కాపురం ఉన్నవి, తలుపు కింద అరంగుళం సందు చాలు వాటికి.

రైతుల సరుకు నిల్వ చేసే గోడౌనైతే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి ఉంది. 2020లో మొదలైంది. రెండు కోట్ల వరకు అప్పు మీద ఏడేళ్లపాటు మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. పాత షెడ్డు బాగుచేతకు ఏ మేరకు వర్తిస్తుందో బ్యాంకు మేనేజరును ముందే అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

కళ్యాణ మండపం: మా పెద్ద బావమరిది కల

పాత మిల్లు చూడగానే పదిమందిలో ఎనిమిదిమందికి వచ్చే ఆలోచన ఇది. మధ్యలో స్తంభాల్లేని పొడవాటి హాలు, ముందర కళ్లం. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కావాల్సినవి చాలానే ఉన్నాయి.

ఒక సాయంత్రం మా పెద్ద బావమరిదితో పంచాంగం ముందేసుకుని కూర్చున్నాను. ఆషాఢం కొట్టేశాం. పుష్యం కొట్టేశాం. ఆ ఏడాది మూఢం ఎన్ని వారాలుందో గీత గీశాం. మిగిలిన ముహూర్తాల్లో శని, ఆదివారాలకు దగ్గరగా ఉన్నవెన్నో లెక్కపెట్టాం. అవే తేదీల కోసం ఊళ్లో ఇప్పటికే ఉన్న ఏసీ మండపాలన్నీ కూడా పోటీ పడతాయని గుర్తు చేశాను. వాడి ముఖంలో రంగు అప్పుడే కొంచెం తగ్గింది.

ఖర్చు సంగతి. పద్దెనిమిది అడుగుల ఎత్తు రేకుల షెడ్డును ఏసీతో చల్లబరచడమంటే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ముందు కప్పు కింద ఇన్సులేషన్, దాని కింద సీలింగు, ఆ తర్వాతే ఏసీ. నూనె తాగిన నేల తవ్వాలి. ఇంత జనానికి టాయిలెట్లు, వంటశాల, వాటికి నీళ్లు కావాలి. అనంతపురంలో బోరు ఎండితే పెళ్లిరోజు పొద్దున ట్యాంకర్ల కోసం ఫోన్లు చేసేది మండపం యజమానే. పైగా ఆ కళ్లంలోనే పార్కింగూ, అక్కడే భోజనాల షామియానా. రెండూ కుదరవు.

నన్ను ఎక్కువ భయపెట్టేది నిప్పు. ఫైర్ సర్వీస్ చట్టం (1999) ప్రకారం కళ్యాణ మండపం, బడి, సినిమా హాలు లాంటి జనం గుమికూడే భవనానికి స్థలం 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) కావాలి. ఏ మిల్లయినా ఈ లెక్క దాటుతుంది. మిల్లు షెడ్డుకు సాధారణంగా ఒకవైపే పెద్ద తలుపు. వెనకవైపు గోడ, గోడ అవతల పక్కింటి గోడ. దాంట్లో గుడ్డ డెకరేషన్, థర్మాకోల్ స్టేజీ, గ్యాస్ సిలిండర్లు, ఐదువందల మంది. ముంబైలో కమలా మిల్స్ అని పాత బట్టల మిల్లు ఆవరణ ఉంది, ఆఫీసులూ రెస్టారెంట్లుగా మారింది. 2017 డిసెంబర్ 29న అక్కడ డాబా మీది రెస్టారెంట్లలో మంటలొచ్చి 14 మంది చనిపోయారు. చాలామంది పొగకు ఊపిరాడకే పోయారు. మండపమే కావాలనుకుంటే వెనక గోడకు బయటికి తెరుచుకునే తలుపులు పెట్టే చోటుందా, ఫైరింజను షెడ్డు చుట్టూ తిరగగలదా అని చూడండి. లేదంటే ఆ ఆలోచన అక్కడితో ఆపేయండి. నేను ఆపేయమనే చెప్పాను.

రోడ్డు వెడల్పుగా ఉండి, ఖాళీ స్థలం షెడ్డుకు రెండింతలు ఉండి, ఇంట్లోవాళ్లెవరైనా పగలూ రాత్రీ దగ్గరుండి నడిపించగలిగితే మండపం బాగానే నడుస్తుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా నేనైతే పెట్టుబడి పెట్టను.

ఇక్కడే ఒక లెక్క. అంకెలు అర్థం కావడానికే తప్ప మార్కెట్ ధరలు కావు. గోడౌన్‌గా నెలకు 40 వేలొచ్చే షెడ్డు మీద 30 లక్షలు పెట్టి వేరే వాడకానికి మార్చితే 65 వేలు వస్తాయనుకుందాం. మీరు 65 వేలు సంపాదించినట్టు కాదు, ఆ 30 లక్షలు సంపాదించేది అదనంగా వచ్చే 25 వేలు మాత్రమే. అసలు తిరిగి రావడానికి 120 నెలలు, పదేళ్లు. వడ్డీ కలపలేదు. మారుస్తున్న ఆ ఏడాదిలో రాని అద్దె కలపలేదు. ఈ లెక్క వేసుకోకుండా "నెలకు 65 వేలు" అని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఆటలు, హాస్టళ్లు

ఎస్కే యూనివర్సిటీ, జేఎన్‌టీయూ, మెడికల్ కాలేజీ ఉన్న ఊరు కాబట్టి హాస్టల్ ఆలోచన సహజమే. కానీ నలభై అడుగుల వెడల్పు షెడ్డులో మధ్యన నడవా పెట్టి రెండువైపులా గదులు తీస్తే ఒక్కో గదికి చిన్న వైపు మాత్రమే బయటి గోడ దొరుకుతుంది. ఎండ ఎక్కువుండే ప్రాంతాల్లో గది నేలలో పదో వంతైనా కిటికీ ఉండాలని భవన నిర్మాణ ప్రమాణాలు చెప్తాయి. రాతిగోడలో అన్ని కిటికీలు కొట్టడమంటే గోడ బలాన్ని తినేయడమే. పాత గోడలుంచి లోపల కొత్త భవనం కట్టినంత పనవుతుంది. అలాంటప్పుడు కొత్తదే కట్టుకోండి. కోచింగ్ సెంటరుదీ ఇదే గొడవ. పైగా వాన పడితే రేకుల చప్పుడులో పాఠం వినబడదు.

ఆటల సంగతి నయం. పెద్దగా ఏమీ మార్చక్కర్లేదు, రేపు వద్దనుకుంటే విప్పేయొచ్చు. అయితే షటిల్ కోర్టు అనే ముందు టేపు తీయండి. కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. నలభై అడుగుల షెడ్డులో అడ్డంగా పట్టదు. పొడుగ్గా వేస్తే పక్కపక్కన రెండు పెట్టడానికి మధ్యలో సందే మిగలదు. వరసగా వేస్తే నూటిరవై అడుగుల్లో రెండు. అంత పెద్ద షెడ్డులో పట్టేవి రెండే కోర్టులు! దానికి తోడు ఎత్తు పద్దెనిమిది అడుగులే. క్లబ్బు ఆటకైనా పాతిక అడుగులుంటే బాగుంటుంది, లేదంటే లేపిన ప్రతి షటిలూ ట్రస్సుకే తగులుతుంది. బాక్స్ క్రికెట్‌కు ఆ బాధ లేదు. చుట్టూ నెట్టు కట్టి, కింద టర్ఫ్ పరిస్తే సాయంత్రాలు కుర్రాళ్లతో నిండుతుంది. ఏం చేయాలో తేలనప్పుడు రెండేళ్లు ఇలా నడిపించడం తప్పేమీ కాదు.

కుట్టు మిషన్లు, అరటి గెలలు

నాకు బాగా నచ్చినవి ఈ రెండు. అందుకే పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నా.

రాయదుర్గం జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊరని మన జిల్లాలో అందరికీ తెలుసు. ఆ పనికి కావాల్సింది వెలుతురు, గాలి, తగినంత కరెంటు, తొక్కినా పాడవని నేల. స్పిన్నింగు మిల్లుల్లో రంపం పళ్లలా ఉండే కప్పు చూశారా? ఆ నిలువు అద్దాలు ఉత్తరం వైపు ఉండేలా కడతారు. ఎండ నేరుగా పడదు, నీడ లేని సమమైన వెలుతురు వస్తుంది. దారం రంగు తేడా పట్టుకోవాల్సిన పనికి అంతకన్నా మంచి దీపం లేదు. అలాంటి కప్పున్న షెడ్డుకు ఫాల్స్ సీలింగు వేసి ట్యూబ్‌లైట్లు పెట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

అరటి సంగతి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ ఓడరేవుకు అరటికాయలతోనే ఒక రైలు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నడిచింది. చెనక్కాయ పోయి పండ్లతోటలు వచ్చిన జిల్లాలో మిల్లులు కూడా ఆ పంటనే చూడటం న్యాయం. కాయను మాగబెట్టే గదులకు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం, కొలత ప్రకారం ఇథిలీన్ గ్యాస్, నాలుగైదు రోజులు చాలు. కార్బైడ్‌తో కాయలు మాగబెట్టడం నిషేధం కాబట్టి ఊళ్లో పండ్ల వ్యాపారులకు ఈ గదులు అవసరమే. షెడ్డు మొత్తాన్ని కోల్డ్ స్టోరేజీ చేయడం మాత్రం వద్దు. పాత గోడలు చల్లదనాన్ని ఆపలేవు. షెడ్డును గొడుగులా వాడుకుని, దాని కింద చల్లదనాన్ని పట్టి ఉంచే పఫ్ ప్యానెళ్లతో చిన్న చిన్న గదులు నిలబెట్టుకోవాలి. రెండు గదులతో మొదలుపెట్టి, గిరాకీ చూసి మూడోది కట్టొచ్చు. ఈ వెసులుబాటు మండపానికి ఉండదు. సగం మండపం ఎవరూ బుక్ చేసుకోరు.

పడగొడితే?

చిన్న బావమరిది మాటలో పస లేకపోలేదు. ఊరి మధ్య స్థలం, అప్పులుండి, ముగ్గురికి పంచాల్సి ఉంటే ప్లాట్లే తేలిక. అయితే ఎకరం అంటే 4,840 గజాలు అని గుణించుకోకండి. రోడ్లు, ఖాళీ స్థలం పోను అమ్మకానికి మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. పాత టేకు దూలాలు, ఇనుము, రాయి విడిగా అమ్మితే కొంత వస్తుంది. కూల్చే కాంట్రాక్టరు "నేనే ఊరికే కూల్చి పెడతా" అన్నాడంటే టేకు విలువ ఆయనకు మీకన్నా బాగా తెలుసని అర్థం.

వరంగల్‌లో 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు అలాగే నేలమట్టమై ప్లాట్లయింది. లండన్‌లో 1981లో మూతబడిన బ్యాంక్‌సైడ్ కరెంటు కేంద్రాన్ని 2000లో టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియం చేశారు. 152 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు ఉన్న టర్బైన్ హాలును గదులుగా నరకకుండా ఖాళీగానే ఉంచారు. జనం ఇప్పుడు ఆ ఖాళీని చూడ్డానికే వస్తారు. అంత దూరం ఎందుకు, ఫోర్ట్ కొచ్చిలో సుగంధ ద్రవ్యాల వ్యాపారం నడిచిన ఆస్పిన్‌వాల్ హౌస్‌లో 2012 నుంచి కొచ్చి బినాలే అనే ఆర్ట్ ప్రదర్శన పెడుతూ వచ్చారు. పాత గిడ్డంగి గోడలకే బొమ్మలు తగిలించారు. అనంతపురంలో ఒక మిల్లులో తోలుబొమ్మల ప్రదర్శనశాల ఉంటే బాగుండునని నాకూ ఉంది. కానీ అది ప్రభుత్వమో పెద్ద సంస్థో చేయాల్సిన పని. కడప పక్కన మూతబడి ఉన్న చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ లాంటి పెద్ద ఆవరణల గురించి అలా మాట్లాడుకోవచ్చు. ముగ్గురు వారసులున్న మా మామను మ్యూజియం పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు.

మామ చివరికి చేసింది

షెడ్డును అడ్డగోడతో రెండు చేశాం. వెనక ఎనభై అడుగులు ఒక డిస్ట్రిబ్యూటరుకు గోడౌన్‌గా ఇచ్చారు. ముందు నలభై అడుగులకు, అంటే నూనె తాగిన నేలంతా ఉన్న భాగానికి, ప్యాంట్లు కుట్టే యూనిట్ నడిపే ఒకామె వచ్చింది. గేటు పక్క కాటాను బాగుచేయించి మళ్లీ తిప్పుతున్నారు. బావమరుదులిద్దరూ ఒప్పుకున్నది ఒకే కారణంతో: రేపు ప్లాట్లేయాలన్నా, మండపం కట్టాలన్నా, ఇందులో ఏదీ అడ్డం కాదు.

అగ్రిమెంటు పదకొండు నెలలకు రాసుకుని పైన నోటిమాటతో నడిపించేద్దామన్నాడు మామ. నేను వద్దన్నాను. సొంత డబ్బుతో మిషన్లు బిగించే అద్దెదారుకు కనీసం ఐదేళ్ల భరోసా కావాలి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయాల్సిందే. కప్పు, ట్రస్సులు, బయటి గోడలు యజమాని బాధ్యత. నేల, వైరింగు, లోపలి అడ్డగోడలు అద్దెదారు బాధ్యత. ఈ ఒక్క వాక్యం రాసుకోనందుకే ప్రొద్దుటూరు షెడ్డులో ఒక వానాకాలం తర్వాత రెండువైపులా వకీళ్లు దిగారు.

సంతకానికి ముందు ఆమె మూర తెల్లగుడ్డ తెచ్చి, ఎక్స్‌పెల్లర్ ఉన్నచోట మేకుకు తగిలించి వెళ్లింది. వారం తర్వాత వచ్చి, గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "నేల చెక్కించండన్నా, అప్పుడు సంతకం పెడతా," అంది. అగ్రిమెంటు ప్రకారం నేల ఆమె లెక్కలో రావాలి. మామ నా వైపు చూశాడు, నేను వేపచెట్టు వైపు చూశాను. మూడంగుళాలూ మామే చెక్కించాడు.